ఏ రైలు థ్రిల్లర్ చూడాలి? ముందు చైన్ లాగితే ఏమవుతుందో ఆలోచించండి

"రైల్లో జరిగే మంచి సస్పెన్స్ సినిమా ఒకటి చెప్పు" అంటే ఒక్క పేరు చెప్పి ఊరుకోవడం నా వల్ల కాదు. రైలు థ్రిల్లర్ అన్న మాట కింద ఒకదానితో ఒకటి పొత్తు కుదరని నాలుగైదు రకాల సినిమాలు ఉన్నాయి, వాటిలో ఒకటి నచ్చినవాళ్లకి ఇంకోటి నచ్చాలని ఏమీ లేదు. హంతకుడెవరో తేల్చే కథ కోసం కూర్చున్నవాళ్లకి జాంబీల సినిమా పెడితే పావుగంటలో లేచి వెళ్లిపోతారు. బోగీల మధ్య కొట్లాటలు కావాలన్నవాళ్లకి ఓ పన్నెండు మంది కూర్చుని సాక్ష్యాలు చెప్పే సినిమా పెడితే కునుకు పడుతుంది. రెండూ మంచి సినిమాలే, చూసేవాళ్లకి కావాల్సింది వేరు, అంతే.

నేను ఎంచుకునేటప్పుడు ఒక్క ప్రశ్న వేసుకుంటాను: ఈ కథలో ఎవరో ఒకరు లేచి చైన్ లాగితే ఏమవుతుంది?

వినడానికి మామూలుగా ఉంటుంది గానీ రైలు సినిమాల గుట్టంతా అందులోనే ఉంది. దూరప్రయాణం రైలు సస్పెన్స్‌కి అంత బాగా కుదరడానికి కారణం దిగలేకపోవడం. ఇరుకు సందు, రెండు వైపులా తలుపులు, బయట ఎనభై తొంభై కిలోమీటర్ల వేగం, వచ్చే స్టేషన్‌కి ఇంకో రెండు గంటలు. కానీ ప్రతి రైల్లోనూ ఆపే సాధనం ఒకటి ఉంటుందని చూసేవాడికి తెలుసు. కాబట్టి చైన్ లాగితే కష్టం ఎందుకు తీరదో దర్శకుడు చెప్పి తీరాలి. ఆ జవాబు గట్టిగా ఉంటే సినిమా నిలబడుతుంది, లేకపోతే మధ్యలో మన మనసు పక్కకి పోతుంది. ఏ జవాబు చెప్పాడన్నదాన్ని బట్టే అది ఏ రకం సినిమా, మీకు పడుతుందా లేదా అన్నది కూడా తేలిపోతుంది.

రైలు ముందే ఆగిపోయి ఉంటే

మొదటి జవాబు అగాథా క్రిస్టీది: చైన్‌తో పనేముంది, రైలు ఎప్పుడో ఆగిపోయింది. 'మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్'లో రైలు మంచులో కూరుకుపోతుంది, తెల్లారేసరికి ఒక ప్రయాణికుడు కత్తిపోట్లతో చచ్చి ఉంటాడు, చేసినవాడు బయటికి పోయే దారి లేదు, అంటే ఇంకా బోగీలోనే ఉన్నాడు. నవల 1934లో వచ్చింది. అంతకు ఐదేళ్ల ముందు, 1929లో, నిజమైన ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ టర్కీలో మంచులో చిక్కుకుని రోజుల తరబడి కదల్లేదు, కాబట్టి ఇది గాల్లోంచి పుట్టిన ఊహ కాదు.

దీనికి సినిమాలు ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి, అందరూ అడిగేది రెండింటి గురించే: సిడ్నీ లూమెట్ తీసిన 1974 సినిమా, కెన్నెత్ బ్రానా తీసిన 2017 సినిమా. నా ఓటు పాతదానికే, అందులో నాకు ఎలాంటి ఊగిసలాటా లేదు. బ్రానా సినిమా కంటికి ఇంపుగా ఉంటుంది, 65 ఎంఎం ఫిల్మ్ మీద తీశారు, మంచు కొండలు చూస్తుంటే కడుపు నిండుతుంది. కానీ దర్శకుడికి బోగీలో కూర్చోవడం ఇబ్బందిగా ఉన్నట్టుంది. మాటిమాటికీ మనల్ని బయటికి తీసుకెళ్తాడు, వంతెన మీద పరుగులు పెట్టిస్తాడు, ఆఖరికి అందరినీ కూర్చోబెట్టి నిజం విప్పే ఘట్టం కూడా సొరంగం దగ్గర, రైలు బయట. లూమెట్ అలా కాదు, మనల్ని లోపలే ఉంచుతాడు, ఒక్కొక్కరినీ పిలిచి కూర్చోబెడతాడు, ముఖాల మీద నమ్మకం పెట్టుకుంటాడు.

ఒక్క సీన్ చాలు తేడా తెలియడానికి. ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ ఇందులో స్వీడన్ నుంచి వచ్చిన మతప్రచారకురాలు. ఆమెని డిటెక్టివ్ పాయిరో ప్రశ్నించేటప్పుడు దాదాపు ఐదు నిమిషాల పాటు కట్ లేదు, కెమెరా ఆమెని వదలదు. మాట తడబడుతుంది, కళ్లు ఎక్కడో తిరుగుతాయి, ఆవిడ అమాయకంగా మాట్లాడుతోందా, అబద్ధం అల్లుతోందా అని మనం ఊపిరి బిగబట్టి చూస్తూ ఉంటాం. దర్శకుడు ముందు ఆమెకి ఇంకా పెద్ద పాత్ర ఇస్తానంటే వద్దని ఈ చిన్నదే అడిగి తీసుకుంది, దానికే ఆస్కార్ వచ్చింది. మాటలే ఆయుధాలుగా నడిచే సినిమాలు మీకు ఇష్టమైతే ఇదే చూడండి, 128 నిమిషాలు ఎలా గడిచాయో తెలియదు. ముగింపు ముందే ఎవరైనా చెప్పేసి ఉంటే మాత్రం సగం రుచి పోయినట్టే, అలాంటప్పుడు దీన్ని పక్కన పెట్టి కింద చెప్పేవాటిలో ఒకటి ఎంచుకోండి.

ఆపినా నమ్మేవాళ్లు లేకపోతే

రెండో జవాబు నాకు అన్నిటికంటే ఇష్టం. హిచ్‌కాక్ 1938లో తీసిన 'ది లేడీ వానిషెస్'. ఇందులో ఐరిస్ అనే అమ్మాయికి రైలెక్కే ముందు తలకి దెబ్బ తగులుతుంది. ఎదురు సీట్లో మిస్ ఫ్రాయ్ అనే పెద్దావిడ ఆదరంగా మాట్లాడుతుంది, ఇద్దరూ కలిసి టీ తాగడానికి వెళ్తారు, రైలు చప్పుడుకి పేరు సరిగా వినబడక ఆవిడ కిటికీ అద్దం మీద వేలితో తన పేరు రాసి చూపిస్తుంది. తిరిగొచ్చి ఐరిస్ ఒక కునుకు తీసి లేచేసరికి ఎదురు సీటు ఖాళీ. పెద్దావిడ ఏదని అడిగితే అసలు అలాంటి మనిషే లేదంటారు బోగీలో అందరూ.

చైన్ లాగితే? లాగి ఎవరికి ఏం చెప్తుంది? దెబ్బ తగిలిన పిల్ల, ఏదో ఊహించుకుంటోందంటారు.

ఈ సినిమా గొప్పతనం ఏంటంటే అబద్ధమాడే ప్రతివాడూ దుర్మార్గుడు కాడు. క్రికెట్ పిచ్చి ఉన్న ఇద్దరు పెద్దమనుషులు ఉంటారు, వాళ్లు ఆ ముసలావిడని చూశారు, కానీ చూశామని చెప్తే విచారణ అంటూ రైలు ఆపేస్తారు, మాంచెస్టర్‌లో టెస్ట్ మ్యాచ్ పోతుంది, అందుకే చూడలేదంటారు. ఇంకో లాయరు తన భార్య కాని ఆవిడతో ప్రయాణం చేస్తున్నాడు, సాక్ష్యం చెప్తే పేరు బయటపడుతుంది, కాబట్టి అతనూ నోరు మెదపడు. ఎవరి చిన్న స్వార్థం వాళ్లది, అన్నీ కలిస్తే ఒక మనిషి ఆనవాలు లేకుండా పోయింది. కుట్ర ఏమిటన్నది తర్వాత తెలుస్తుంది గానీ నన్ను కుదిపేది మాత్రం ఈ మామూలు మనుషుల అబద్ధాలే.

రెండు హెచ్చరికలు. మొదటి ఇరవై ఐదు నిమిషాల దాకా రైలు కదలదు, మంచు వల్ల ప్రయాణికులంతా ఒక హోటల్లో ఇరుక్కుని ఉంటారు, హాస్యంగా నడుస్తుంది, ఇదేం థ్రిల్లర్ అనిపించి ఆపేయకండి, అక్కడ పరిచయమైన ప్రతివాళ్ల అవసరమూ తర్వాత పడుతుంది. రెండోది, బయట కనిపించేవి బొమ్మ రైళ్లు, వెనక తెర మీద వేసిన దృశ్యాలు, వాటిని పట్టించుకుంటే ఆనందం పోతుంది. ఇంటిల్లిపాదీ కూర్చుని చూడదగ్గది, పిల్లలున్నా ఇబ్బంది లేదు.

ఇదే కోవలో ఈ కాలపుది కావాలంటే బ్రాడ్ ఆండర్సన్ తీసిన 'ట్రాన్స్‌సైబీరియన్', 2008. చైనాలో సేవాకార్యక్రమం ముగించుకుని బీజింగ్ నుంచి మాస్కోకి రైల్లో వెళ్తున్న అమెరికన్ దంపతులు, మధ్యలో పరిచయమైన ఇంకో జంట, ఒక స్టేషన్లో దిగిన భర్త తిరిగి రైలెక్కడు. రోజుల తరబడి ప్రయాణం, భాష రాదు, పక్క బెర్త్ మనిషి ఎవరో తెలియదు. బెన్ కింగ్స్‌లీ పోలీసు అధికారిగా వచ్చాక టెన్షన్ మామూలుగా ఉండదు. మెల్లగా మొదలవుతుంది, చివర్లో కాస్త హింస ఉంది, పిల్లలతో వద్దు.

ఆగితే ఎక్కేది శత్రువులైతే

టైమ్ తక్కువ, ఒక్క నిమిషం కూడా వృథా కాకూడదు అంటే 1952 నాటి 'ది నారో మార్జిన్' చూడండి, రిచర్డ్ ఫ్లైషర్ తీసింది, మొత్తం 71 నిమిషాలు. చనిపోయిన ఒక మాఫియా నాయకుడి భార్య సాక్ష్యం చెప్పాలి, ఆమెని షికాగో నుంచి లాస్ ఏంజెలెస్ దాకా రైల్లో దించే పని ఒక డిటెక్టివ్‌ది, చంపాల్సినవాళ్లు అదే రైల్లో ఉన్నారు, కానీ ఆమె ముఖం వాళ్లకి తెలియదు. ఇక్కడ రైలు కదులుతున్నంతసేపూ కాస్త నయం, ప్రతి స్టేషనూ కొత్త గండమే, ఎవరు ఎక్కుతారో తెలియదు.

దీన్ని చెవులతో చూడాలి. నేపథ్య సంగీతం లేదు, రైలు చప్పుడే సంగీతం. చక్రాల మోత, కూత, తలుపు తెరిస్తే ఒక్కసారి పెరిగే శబ్దం, మూస్తే తగ్గే శబ్దం. ఖర్చు తగ్గించడానికి రైలు సెట్‌ని కదలకుండా నేలకి బిగించేసి కెమెరానే ఊపారు, అయినా మనకి బోగీ ఊగుతున్నట్టే ఉంటుంది. ఆ ఇరుకు సందులో ఒక భారీకాయుడు అడ్డంగా వచ్చి నిలబడితే హీరో పక్కకి ఒదిగి, కడుపు లోపలికి లాక్కుని తప్పించుకోవాలి. అంత చిన్న విషయంలోంచి అంత కంగారు పుట్టించడం చూసి తీరాలి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఇంకా మంచిది.

1990లో పీటర్ హయమ్స్ దీన్ని జీన్ హ్యాక్‌మన్, యాన్ ఆర్చర్‌లతో మళ్లీ తీశాడు. కెనడా పర్వతాలు, రంగులు, రైలు పైకప్పు మీద ఫైట్ అన్నీ ఉన్నాయి, బ్లాక్ అండ్ వైట్ అంటే ఇంట్లోవాళ్లు ఒప్పుకోకపోతే అది పెట్టండి, చెడ్డ సినిమా ఏం కాదు. కానీ పాతదాంట్లో ఉన్న బిగింపు దీంట్లో లేదు, పైకప్పు ఎక్కగానే ఆ ఇరుకు పోయింది, ఇరుకుతో పాటు భయమూ పోయింది.

ఇదే జవాబుని ఇంకా భయంకరంగా చెప్పింది దక్షిణ కొరియా సినిమా 'ట్రెయిన్ టు బుసాన్', 2016, దర్శకుడు యోన్ సాంగ్-హో. జాంబీలంటే మొహం తిప్పుకునేవాళ్లకి కూడా నేను ఇది చూడమనే చెప్తాను, ఎందుకంటే రైలుని ఇంత తెలివిగా వాడుకున్న సినిమాలు తక్కువ. జాంబీలకి చూపే ఆధారం, తలుపు తీయడం రాదు. అంతే నియమం. దాంతో బోగీల మధ్య అద్దాల తలుపుకి నీళ్లు చల్లి వార్తాపత్రికలు అతికిస్తే అవతలివి శాంతిస్తాయి. రైలు సొరంగంలోకి వెళ్లి చీకటి పడితే వాటికి ఏమీ కనబడదు, ఆ కాసేపట్లో మనుషులు సామాన్లు పెట్టే పై అరల మీదుగా పాక్కుంటూ బోగీ దాటాలి. సొరంగం ఎంత పొడుగుందో ఎవరికీ తెలియదు! ఇక స్టేషన్లో రైలు ఆగడం ఎంత గొప్ప వరంలా కనిపిస్తుందో, అది ఏమవుతుందో సినిమాలోనే చూడండి. చివర్లో ఏడిపిస్తుంది కూడా, చేతిలో కర్చీఫ్ ఉంచుకోండి. మరీ చిన్న పిల్లలకి మాత్రం చూపించకండి.

'కిల్' గురించి కాస్త విడిగా

ఈ మధ్య ఎక్కువమంది అడుగుతున్నది దీని గురించే. నిఖిల్ నాగేశ్ భట్ తీసిన హిందీ సినిమా, 2023లో టొరంటో ఫిల్మ్ ఫెస్టివల్‌లో చూపించి 2024 జులైలో విడుదల చేశారు. ఢిల్లీ వెళ్లే రైల్లో దోపిడీ దొంగల ముఠా, అదే రైల్లో ఒక కమాండో, అతను ప్రేమించిన అమ్మాయి కుటుంబం. సస్పెన్స్ కోసం దీన్ని ఎంచుకోకండి, ఇది యాక్షన్. ఏం జరుగుతుందో అన్న ప్రశ్న తక్కువ, ఎలా జరుగుతుందో అన్నది ఎక్కువ.

కానీ చైన్ ప్రశ్నకి దీని జవాబు కొత్తగా ఉంటుంది. సగం దాకా ప్రయాణికులు దిగి పారిపోవాలనుకుంటారు. ఒక సంఘటన తర్వాత, అదీ దాదాపు సగం సినిమా అయ్యాక తెర మీద టైటిల్ పడుతుంది, అక్కడి నుంచి పారిపోవాల్సింది దొంగలు. అతను వాళ్లని వదలడు. బెర్త్‌లు, తెరలు, మంటలార్పే సిలిండర్, చేతికందిన ప్రతిదీ ఆయుధమే. ఇంకో విషయం నన్ను పట్టేసింది: ఆ దొంగలంతా అన్నదమ్ములు, బాబాయిలు, తండ్రీ కొడుకులు. ఒకడు చస్తే మిగతావాళ్లు శవం పక్కన కూర్చుని ఏడుస్తారు. విలన్లు ఏడుస్తుంటే చూడటం అలవాటు లేని మనకి అది లోపల ఎక్కడో గుచ్చుకుంటుంది. రక్తం విపరీతం, 'ఏ' సర్టిఫికెట్ ఊరికే ఇవ్వలేదు. కుటుంబంతో అసలు వద్దు.

ఆపేవాడే లేకపోతే

చివరి రకంలో శత్రువు మనిషి కాదు, రైలే. ఇక్కడ ఒక సాంకేతిక విషయం తెలిస్తే సినిమాలు ఇంకా బాగుంటాయి. రైలు బ్రేకులు మనం అనుకునేదానికి తిరగేసి పనిచేస్తాయి. గొట్టంలో గాలి ఒత్తిడి ఉన్నంతసేపూ బ్రేకులు వదిలి ఉంటాయి, గాలి పోతే పట్టేస్తాయి. చైన్ లాగడం అంటే ఆ గాలిని బయటికి వదలడమే. అందుకే గొట్టం తెగితే రైలు ఆగాలి గానీ పరుగెత్తకూడదు. ఈ సంగతి మర్చిపోయి "బ్రేకులు ఫెయిల్" అని ఒక్క ముక్కలో తేల్చేసే సినిమాలు నాకు నచ్చవు.

'రన్‌అవే ట్రెయిన్', 1985, ఈ పరీక్షలో నెగ్గుతుంది. డ్రైవర్‌కి గుండెపోటు వస్తుంది, బ్రేకు వేస్తాడు గానీ ఇంజిన్ వేగం తగ్గించడు, ఇంజిన్ బలానికి బ్రేకులు కాలిపోతాయి. లోపల జైలు నుంచి పారిపోయి వచ్చిన ఇద్దరు ఖైదీలు, బయట అలాస్కా మంచు. మూల కథ అకిరా కురొసావాది, తీసింది ఆండ్రే కొంచలోవ్‌స్కీ. జాన్ వాయిట్ నటన చూస్తే ఒళ్లు గగుర్పొడుస్తుంది. బండబూతులు, క్రూరత్వం ఉన్నాయి, పెద్దవాళ్లకే.

డెంజిల్ వాషింగ్టన్ ఉన్న 'అన్‌స్టాపబుల్', 2010, గూడ్సు బండి కథ, ప్రయాణికులు లేరు, కానీ దూకుడు కావాలంటే దీన్ని మించింది లేదు. 2001 మే 15న అమెరికాలోని ఒహాయోలో నిజంగా జరిగిందే దీనికి మూలం: యార్డులో పాయింటు మార్చడానికి డ్రైవర్ దిగాడు, బండి తిరిగి ఎక్కనివ్వకుండా సాగిపోయింది, 47 వ్యాగన్లు, యార్డు పని కాబట్టి వ్యాగన్ల గాలి బ్రేకులు కలపలేదు, సుమారు 106 కిలోమీటర్లు మనిషి లేకుండా పరుగెత్తింది. ఇంట్లో అందరికీ నచ్చే సినిమా, కథ అర్థం కాకపోవడం అన్న మాటే ఉండదు.

'ది బర్నింగ్ ట్రెయిన్', 1980, మన దగ్గర చాలామంది పెద్దవాళ్లకి ఇష్టమైనది. పాటలు, పెద్ద తారాగణం, పాత పగలు అన్నీ కలిపిన భోజనం లాంటి సినిమా, సస్పెన్స్ మాత్రం కావాలంటే నిడివి ఎక్కువనిపిస్తుంది.

పేరు చూసి ఎంచుకుంటే

కొన్ని సినిమాల పేర్లు తప్పుదారి పట్టిస్తాయి. హిచ్‌కాక్‌దే 'స్ట్రేంజర్స్ ఆన్ ఎ ట్రెయిన్', 1951, అద్భుతమైన సినిమా, కానీ ఇద్దరు కలుసుకోవడం రైల్లో, మిగతా కథ ఎక్కువ శాతం బయటే. 'ది గర్ల్ ఆన్ ది ట్రెయిన్' కూడా అంతే. మలయాళంలో జోషి తీసిన 'నెంబర్ 20 మద్రాస్ మెయిల్', 1990, తిరువనంతపురం నుంచి మద్రాసు వెళ్లే రైల్లో ఒక హత్య, నేరం మోహన్‌లాల్ మీద పడుతుంది, మమ్ముట్టి మమ్ముట్టిగానే కనిపిస్తాడు. సరదాగా మొదలై ఒక్కసారిగా గొంతు పట్టుకుంటుంది, తర్వాత రైలు దిగి దర్యాప్తులోకి వెళ్తుంది, అయినా చూడండి. మన 'వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్' రైలు అందుకోవడానికి పడే హడావుడి కామెడీ, థ్రిల్లర్ అనుకుని పెట్టకండి. తెలుగులో రైల్లో క్లైమాక్స్ పెట్టడం మనవాళ్లకి బాగా వచ్చు, 'క్షణక్షణం' చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు, మొదటి నుంచి చివరి దాకా బోగీలోనే బిగించి కూర్చోబెట్టే తెలుగు సస్పెన్స్ సినిమా కోసం నేను ఇంకా ఆశగా ఎదురు చూస్తున్నాను.

రెండు రాత్రులు ఖాళీ ఉంటే

ఒక జత చెప్తాను. 1975లో జపాన్‌లో జున్యా సాటో తీసిన 'ది బుల్లెట్ ట్రెయిన్'. టోక్యో నుంచి హకాటా వెళ్లే షింకాన్‌సెన్‌లో, అంటే జపాన్ బుల్లెట్ రైల్లో, బాంబు, వేగం గంటకి 80 కిలోమీటర్ల కంటే తగ్గితే పేలుతుంది. అంటే చైన్ లాగడమే చావు. బస్సులో బాంబు పెట్టిన 'స్పీడ్' దీని తర్వాత 19 ఏళ్లకి వచ్చింది. బాంబు పెట్టినవాడు కెన్ టకాకురా, దివాలా తీసిన చిన్న ఫ్యాక్టరీ యజమాని, అతని మీద కోపం రావాల్సిన చోట జాలి వస్తుంది, దాంతో ఎవరి పక్షాన ఉండాలో తెలియక మనం నలిగిపోతాం. కంట్రోల్ రూమ్‌లో పట్టాల బోర్డు మీద దీపాలు కదులుతుంటే, ఎదురు లైన్లోకి రైలుని మళ్లించి తిరిగి తెచ్చే ఆ కొద్ది క్షణాలు చూస్తుంటే కాళ్లూ చేతులూ ఆడవు. నిడివి 152 నిమిషాలు. విదేశాలకి కోసి పంపిన కాపీలో ఆ బాంబరు గతం పలచబడిపోయింది, కాబట్టి నిడివి చూసుకుని పూర్తి కాపీనే పెట్టండి.

2025లో షింజి హిగుచి తీసిన 'బుల్లెట్ ట్రెయిన్ ఎక్స్‌ప్లోజన్' రెండో రాత్రికి. ఈసారి షిన్-అఓమొరి నుంచి టోక్యో వైపు, హద్దు 100 కిలోమీటర్లు. 1975లో జపాన్ రైల్వే సహకరించనంది, ఈసారి అక్కడి రైల్వే సంస్థ జేఆర్ ఈస్ట్ సహకరించింది, ఆ తేడా తెర మీద కనిపిస్తుంది, రైలుని నడిపే మనుషుల పని ఎంత వివరంగా చూపించారో. పాత సినిమాలో జరిగిన ఘటన ఇందులో కథకి పునాది, కాబట్టి వరస మార్చకండి, ముందు 1975దే.